గాజు ఊదే కళ కర్మాగారం దాటి కళాకారుడి స్టూడియోలోకి ఎలా వచ్చింది?

ప్రశ్న:
నేను సిరామిక్స్ విద్యార్థిని. మట్టితో ఒక్కరే కూర్చుని మొదటినుంచి చివరిదాకా పాత్ర చేయగలిగినప్పుడు, గాజు మాత్రం అంతకాలం కర్మాగారాలకే ఎందుకు పరిమితమైంది? కళాకారులు తమ స్టూడియోలోనే స్వయంగా గాజు కరిగించి ఊదే ‘స్టూడియో గాజు ఉద్యమానికి’ 1962లో అమెరికాలోని టొలీడో నగరం నాంది పలికిందంటారు. అక్కడ నిజంగా మారినదేమిటో పెద్దలు వివరించగలరు.

మొదటి సమాధానం:
ప్రధానమైన అడ్డంకి కొలిమి. కర్మాగారంలో దానిని రాత్రింబవళ్లు చల్లారనివ్వరు. ఆకృతి గీసేది ఒకరైతే, జట్టుగా నిలబడి గాజు ఊదేది వేరొకరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సిరామిక్స్ బోధించే హార్వీ లిటిల్టన్ ఈ విభజనను అంగీకరించలేదు. ఆయన 1962 మార్చిలో, టొలీడో కళా మ్యూజియం సంచాలకుడు ఆటో విట్‌మన్ ప్రోత్సాహంతో, ఆ ఆవరణలోని గ్యారేజీలో చిన్న కొలిమి కట్టి శిక్షణ శిబిరం నడిపారు. తొలుత కరిగించిన గాజు ఊదడానికి లొంగలేదు. అప్పుడు ఫైబర్‌గ్లాస్ సంస్థలో పరిశోధన విభాగం చూసే డొమినిక్ లబీనో, ఫైబర్ తయారీకి వాడే గాజు గోళీలను కరిగించమని సూచించారు; అవి పనికివచ్చాయి. లిబ్బీ గాజు కర్మాగారంలో పనిచేసి విరమించిన హార్వీ లీఫ్‌గ్రీన్ గొట్టం పట్టి ఊదే విధానం చూపించారు. కర్మాగారం నుంచి విడిపోవాలనుకున్న ఈ కళకు పదార్థాన్నీ చేతి మెళకువనూ అందించింది కర్మాగారాల మనుషులే కావడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన విషయం.

రెండవ సమాధానం:
పై వివరణ సరైనదే, కానీ టొలీడోకు ముందు శూన్యం లేదు. ఫ్రెంచి చిత్రకారుడు మోరిస్ మారినో 1911లో మిత్రుల గాజు కర్మాగారానికి వెళ్లి ఆ పదార్థంపై మనసుపడి, క్రమంగా తానే ఊదడం నేర్చుకుని, 1937లో అది మూతపడేవరకు పనిచేశారు. అయితే ఆయన కొలిమి సొంతం కాదు, అందుకే అది మూతపడగానే ఆయన గాజు పని కూడా ఆగిపోయింది. సొంత కొలిమి ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

మూడవ సమాధానం:
వ్యాప్తికి కారణం విశ్వవిద్యాలయాలు. లిటిల్టన్ తన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉన్న మాడిసన్ నగరంలో గాజు బోధన ఆరంభించాక, ఆయన శిష్యుడు మార్విన్ లిపోఫ్‌స్కీ 1964లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆ పని చేపట్టారు. మరో శిష్యుడు డేల్ చిహులి 1968లో ఇటలీలోని మురానోకు వెళ్లి, వెనీని గాజు కర్మాగారంలో జట్టు పనితీరు గమనించి, 1971లో సియాటిల్‌కు ఉత్తరాన పిల్‌చక్ గాజు కళా పాఠశాల స్థాపనలో పాలుపంచుకున్నారు. ప్రమాదాల్లో కంటికీ భుజానికీ గాయాలైన తరువాత చిహులి గొట్టం పట్టడం మాని, తన ఊహను గీసి జట్టు చేత చేయించారు. కనుక ప్రశ్న అడిగినవారు ‘ఒక్కరే చేయడం’ అన్నదానినే ఈ కళకు కొలతగా పెట్టుకోనవసరం లేదని నా అభిప్రాయం.