కొత్తిమీర పూల మీద పల్టీలు కొట్టే నల్ల పురుగు, ఏంటిది?

పెరటిమొక్కలు (డాలస్):
అందరికీ నమస్కారం. బ్యాక్‌యార్డ్‌లో కొత్తిమీర ముదిరి పూతకొచ్చింది, ధనియాల కోసం అలాగే వదిలేశా. నిన్న పొద్దున చూస్తే పూల గుత్తుల మీద నల్లగా నువ్వుగింజంత పురుగులు, గుత్తికి నాలుగైదు. ఒకదాన్ని అరచేతిలోకి దులిపితే గిలగిలా కొట్టుకుంటూ పల్టీ మీద పల్టీ కొట్టి గడ్డిలో పడి మాయమైపోయింది. వీపు గూనిగా ఉంది, వెనకాల ముల్లులా సన్నగా మొన. కుడుతుందా? మా పాప రోజూ అక్కడే ఆడుకుంటుంది, అందుకే భయం. వేపనూనె కొట్టేయనా?

మిద్దెతోట:
మా వంకాయ ఆకులకి సన్న సన్న చిల్లులు పెట్టే ఫ్లీ బీటిల్ కూడా ఇలాగే ఎగురుతుందండీ, ఒకసారి ఆకులు చూడండి.

పురుగులపిచ్చి:
ఫ్లీ బీటిల్ గుండ్రంగా ఉంటుంది, టప్పున ఒక్క గెంతు గెంతి పోతుంది. గూని వీపు, కిందికి వంగిన తల, వెనక మొన, ఆగకుండా పల్టీలు, ఇవన్నీ కలిశాయంటే మీది టంబ్లింగ్ ఫ్లవర్ బీటిల్, మోర్డెల్లిడే కుటుంబం. ఆ మొన పొట్ట చివరి భాగమేనండీ, రెక్కల పెంకులు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కుట్టదు, పాప గురించి భయపడకండి. పల్టీలన్నీ బలమైన వెనక కాళ్లతో తన్నే తన్నులే, పిట్టకో సాలీడుకో దొరక్కుండా. తినేది పుప్పొడి. పిల్ల పురుగులు పుచ్చిన కొయ్యలోనో మొక్కల కాడల్లోనో పెరుగుతాయి. దయచేసి పూత మీద వేపనూనె కొట్టొద్దు, తేనెటీగలు కూడా వచ్చేది ఆ పూలకే.

పెరటిమొక్కలు:
ఆకులు చూశానండీ, ఒక్క చిల్లు లేదు. హమ్మయ్య. ఇంతకీ ఏ జాతో ఫోటో పెడితే చెప్పగలరా? ఎంత ట్రై చేసినా మసకే వస్తోంది, క్షణం కుదురుగా ఉండట్లేదు.

పురుగులపిచ్చి:
చిన్న గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో ఐదు నిమిషాలు పెట్టండి, చల్లదనానికి మందగిస్తుంది, తెల్ల కాగితం మీద పెట్టి పక్కనుంచి తీయండి, తర్వాత పూల దగ్గరే వదిలేయండి. కానీ జాతి పేరు మాత్రం ఫోటోతో కష్టం. ప్రపంచం మొత్తం మీద 1500కి పైగా జాతులున్నాయి, చాలావాటిని వెనక కాళ్ల మీదుండే సన్నటి గీతలు మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టి గాని విడదీయలేరు. ఒంటి మీద మచ్చలో చారలో ఉంటే మాత్రం కొంత ఆశ, అవి కనపడేలా తీసి పెట్టండి, చూద్దాం.