మూడో తరగతి పిల్లల్ని “నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా” అని కాగితం మీద అడిగితే నిజం తెలుస్తుందా?

చాక్‌పీస్ టీచర్ (గుంటూరు):
మా స్కూల్లో 3, 4, 5 తరగతులకు ఒక ఫారం పంచారు. పైన పేరు, రోల్ నంబర్. కింద ఒకటే ప్రశ్న: “నిన్ను ఎవరైనా బుల్లీయింగ్ చేస్తున్నారా? అవును / కాదు.” నా క్లాసులో సగం మందికి పైగా ‘అవును’ పెట్టారు. ఒకడిని పిలిచి అడిగితే “వాడు నా రబ్బరు తీసుకుని ఇవ్వలేదు మిస్” అన్నాడు. ఒక పాపకి ఆ మాటే తెలీదు, పక్కమ్మాయి టిక్ పెట్టిందని తనూ పెట్టింది. కానీ రోజూ నా కళ్లముందే ఒక బాబుకి వాటర్ బాటిల్ దాచేస్తారు, సోడాబుడ్డి అంటారు, బెంచీ చివరికి నెట్టేస్తారు. వాడు ‘కాదు’ పెట్టాడు. ఈ లెక్కనే పేరెంట్స్ మీటింగ్‌లో చదువుతారట. అసలు ఈ వయసు పిల్లల్ని ఇలా అడగొచ్చా?

భవానీపురం నాన్న (విజయవాడ):
అడక్కూడదండీ. రబ్బరు పోయినా ‘అవును’ పెట్టే వయసులో సర్వేలేంటి? మా రోజుల్లో నన్ను బొండాం అని పిలవనివాడు లేడు. వాళ్లే ఇప్పుడు నా ఫ్రెండ్స్. లేని టెన్షన్ మీరే తెచ్చిపెడుతున్నారు.

పటమట అమ్మ:
బొండాం అన్నా, మిమ్మల్ని ఆటలో చేర్చుకున్నారు కదా సార్. మా పాపని రెండో తరగతిలో ముందు ‘ఆటలో అరటిపండు’ చేశారు. సరదా అనుకున్నాం. తర్వాత అదీ లేదు, “దాంతో మాట్లాడితే నీతో కూడా కచ్చి” అని ఒకమ్మాయి రూల్ పెట్టింది. నాలుగు నెలలు అలాగే. కొట్టింది లేదు, తిట్టింది లేదు. నాకు కనబడిందల్లా సోమవారం పొద్దున కడుపునొప్పి. “ఎవరైనా కొట్టారా?” అంటే లేదనేది. అబద్ధం చెప్పలేదు పాపం, నేనే వేరే ప్రశ్న అడిగాను.

నల్లపాడు రోడ్:
ఎం.ఏ. సైకాలజీలో ఈ విషయం మీదే ప్రాజెక్టు చేశాను. టీచర్ గారి ఫారంలో చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. నార్వేలో 1982 చివర్లో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నాక, 1983లో దేశమంతా స్కూళ్లలో దీని మీద పని మొదలైంది. అక్కడి పరిశోధకుడు డాన్ ఒల్వేయస్ చేసిన ప్రశ్నావళినే ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. ఆయన లెక్కలో మూడు ఉండాలి: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదురు తిరగలేనివాడి మీద చేయడం. సమానమైన ఇద్దరు కొట్టుకుంటే అది దెబ్బలాటే. ఈ సంగతి పిల్లలకు ముందే చదివి చెప్పి, తర్వాత ఒక్కో పనీ విడిగా అడుగుతారు: పేర్లు పెట్టారా, కొట్టారా, ఆటలోంచి తీసేశారా, వస్తువులు లాక్కున్నారా. ‘అవును / కాదు’ కాదు, ఎన్నిసార్లు అని. కాగితం మీద పేరు కూడా రాయించరు. నెలకు రెండు మూడుసార్లు, అంతకు మించి జరిగితేనే లెక్కలోకి తీసుకోవాలని 2003లో ఒల్వేయస్, ఇంకొకరు కలిసి రాశారు.

అయినా చిన్నపిల్లలతో కష్టమే. 14 దేశాల్లో 8 ఏళ్లవాళ్లకీ 14 ఏళ్లవాళ్లకీ గీతల బొమ్మలు చూపించి అడిగితే, పెద్దవాళ్లు తేడాలు పట్టారు. చిన్నవాళ్లకి మాత్రం గొడవ అంతా ఒకటే. డబ్ల్యూహెచ్‌ఓ స్కూలు సర్వే అయితే 13 నుంచి 17 ఏళ్లవాళ్లనే అడుగుతుంది. చాలా ఏళ్లు అందులో గడిచిన 30 రోజుల గురించే అడిగారు. మూడో తరగతివాడికి 30 రోజులంటే ఏం తెలుస్తుంది? “సంక్రాంతి సెలవుల తర్వాత” అంటే తెలుస్తుంది.

రిటైర్డ్ హెచ్.ఎం. (గుంటూరు):
బాబూ, ఇదంతా పేపర్ రాసుకోవడానికి బాగుంది. పేరు లేని కాగితంతో నేనేం చేసుకోను? క్లాసులో నలుగురు ఏడుస్తున్నారని తెలిసి, ఆ నలుగురెవరో తెలీకపోతే! “మీ క్లాసులో ఎక్కువగా ఎవర్ని ఏడిపిస్తున్నారు?” అని అందరితో పేర్లు రాయించండి. ‘కాదు’ పెట్టిన ఆ బాబు పేరు పది కాగితాల్లో వస్తుంది.

నల్లపాడు రోడ్:
నిజమే మాస్టారూ, అలాంటి పిల్లాణ్ణి పట్టుకోవడానికి మంచి పద్ధతే. కానీ క్లాస్ లీడర్ బోర్డు మీద పేర్లు రాయడం చూసిన పిల్లలు ఇంటర్వెల్‌లో “నువ్వెవరి పేరు రాశావ్?” అనుకోకుండా ఉంటారా? ఆ బాబుకి అదో కొత్త ముద్ర.

పటమట అమ్మ:
పేరు లేకపోయినా టీచర్లు చేతిరాత గుర్తుపట్టేస్తారు లెండి. అసలు భయం పక్కవాడిది. ఏడిపించేవాడు అదే బెంచీలో కూర్చుంటే ఆ బాబు ఏం టిక్ పెడతాడు?

చాక్‌పీస్ టీచర్:
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మేనేజ్‌మెంట్‌ని ఒప్పించి నా క్లాసులో మళ్లీ చేశాను. బెంచీకి ఒకరిని కూర్చోబెట్టి, బుల్లీయింగ్ అన్న మాట తీసేసి, ఆరు బొమ్మలు గీశాను (నా బొమ్మలు చూసి ముందు పది నిమిషాలు నవ్వారు). ఒక్కో బొమ్మ చూపించి “సంక్రాంతి నుంచి నీకిలా జరిగిందా? ఒకసారా, చాలాసార్లా?” అని అడిగాను. పేర్లు లేవు. చివర్లో అందరికీ చిన్న చీటీ ఇచ్చాను: నాతో మాట్లాడాలంటే పేరు, వద్దంటే పువ్వు బొమ్మ. చీటీ అందరూ మడిచి ఇవ్వాలి కాబట్టి ఎవరు ఏం వేశారో పక్కవాళ్లకి తెలీదు.

‘చాలాసార్లు’ పెట్టినవాళ్లు ఐదుగురే. ఎక్కడ అన్నదానికి ముగ్గురు స్కూల్ ఆటో బొమ్మకి సున్నా చుట్టారు. క్లాసులో కూర్చుని నేనెంత చూసినా అది కనబడదు.

రిటైర్డ్ హెచ్.ఎం.:
పేరు రాసింది ఎంతమంది?

చాక్‌పీస్ టీచర్:
ఇద్దరు మాస్టారూ. ఆ బాబు పువ్వే వేశాడు.

రిటైర్డ్ హెచ్.ఎం.:
అదే నేను చెప్పేది.

భవానీపురం నాన్న:
టీచర్ గారూ, ఆ ఆటో బొమ్మ ఎలా గీశారో ఇక్కడ పెట్టగలరా? మావాడూ ఆటోలోనే వెళ్తాడు.