బండి మీద ఎవరుండాలి? (ఓవర్‌వాచ్ 2, కొత్తవాళ్ళ సూచనలు, 4వ వాక్యంపై చర్చ)

నిర్వాహకుడు
కొత్తగా ఓవర్‌వాచ్ 2 (ఐదుగురేసి రెండు జట్లు పోరాడే కంప్యూటర్ ఆట) మొదలుపెట్టేవాళ్ళ కోసం పైన అతికించి ఉంచే పోస్టు తయారవుతోంది. అందులో 4వ వాక్యం: "బండి మీద ఎప్పుడూ ఒకరు ఉండాలి." (బండి అంటే పేలోడ్. దాడిచేసే జట్టు, అంటే అటాకర్లు, దాన్ని గమ్యం దాకా తోయాలి; కాచే జట్టు, అంటే డిఫెండర్లు, ఆపాలి.) ఉంచాలని కొందరు, పీకెయ్యాలని కొందరు నా ఇన్‌బాక్సులో కొట్టుకుంటున్నారు. ఇక్కడికొచ్చి కొట్టుకోండి. బూతులు వద్దు.

మేడమీద_మూర్తి
పీకెయ్యాలి. ఆ ఒక్క వాక్యం పట్టుకునే గోల్డ్ ర్యాంకు దాకా వచ్చినవాళ్ళు కూడా పేలోడ్‌ని వదలకుండా వేలాడుతున్నారు.

వాచ్‌పాయింట్ జిబ్రాల్టర్ మ్యాప్ చూడండి. బండి పోయే దారి కింద, డిఫెండర్ల చోటు పైన. ఫైట్ నడుస్తుండగా ఒకడు బండిని కాపలా కాస్తే పైన పోరాడేది నలుగురు, అవతల ఐదుగురు. ఆ నలుగురూ పడ్డాక బండి దగ్గరున్నవాడు ఎలాగూ పడతాడు. పైగా అందరికంటే ఆలస్యంగా చస్తాడు. రీస్పాన్‌కి (మళ్ళీ బతికి రావడానికి) సుమారు 10 సెకన్లు, అక్కణ్ణించి నడక. మిగతా నలుగురూ వాడి కోసం ఆగాలి. ఆగరు కాబట్టి మళ్ళీ నలుగురే వెళ్తారు, మళ్ళీ చస్తారు. ఇలా ఒకరి వెనక ఒకరు పోవడం వల్లే రెండు నిమిషాలు ఆవిరైపోతాయి. బండి ఆగినందువల్ల కాదు.

చేయాల్సిందేమిటంటే, విన్‌స్టన్ గానీ డీవా గానీ (ముందుండి దెబ్బలు కాచే ట్యాంక్ హీరోలు) ముందు పై గట్టు మీదికి దూకాలి. అక్కడున్న విడోమేకర్‌నో యాష్‌నో (దూరం నుంచి గురిపెట్టి కాల్చే హీరోలు) కిందికి దించాలి. పై చోటు మనదైతే బండి కదలడం ఎంతసేపు?

కంట్రోల్ మోడ్‌లో (బండి ఉండదు, ఒక పాయింట్‌ని పట్టుకుని నిలుపుకోవాలి) ఈ సలహా ఇంకా చేటు. పాయింట్ మనదయ్యాక దాని మీద ఎవరూ నిలబడక్కర్లేదు, శాతం దానంతటదే ఎక్కుతుంది. ఇలియోస్ వెల్ మ్యాప్‌లో పాయింట్ మధ్యలోనే గొయ్యి. దాని పక్కన కాపలా కాస్తూ నిలబడితే లూసియో వచ్చి ఒక్క తోపు తోస్తే చాలు. పాయింట్ గెలిచాక శత్రువు వచ్చే సందులకి ముందుకెళ్ళి కాయాలి.

పేలోడ్_పుల్లయ్య
మూర్తిగారూ, వాక్యంలో "బండి" అని ఉంది. కంట్రోల్‌లో బండి ఎక్కడిది? ఇలియోస్‌ని ఎందుకు లాక్కొచ్చారు?

బండిని తోసే ఎస్కార్ట్ మోడ్ గురించే మాట్లాడదాం. బండి దగ్గర అటాకర్లు ఒకరుంటే ఒక వేగం, ఇద్దరుంటే ఎక్కువ, ముగ్గురుంటే గరిష్ఠం. నాలుగోవాడు, ఐదోవాడు దండగ. ఎవరూ లేకుండా 10 సెకన్లు గడిస్తే బండి వెనక్కి మళ్ళుతుంది, దాటిన చెక్‌పాయింట్ దగ్గరే ఆగుతుంది. డిఫెండర్ ఒక్కడు వచ్చి తాకినా అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు మీరే లెక్కేయండి. ఫైట్ గెలిచాం. వాళ్ళు రీస్పానై నడిచొచ్చేదాకా బండి దారి ఖాళీ. ఆ సెకన్లలో ముగ్గురు బండి దగ్గరుంటే ఒక మలుపు ముందుకి పోతాం. అందరూ మేడలెక్కి ఫోటోలకి నిలబడితే? కాంపిటీటివ్‌లో (ర్యాంకు మ్యాచ్‌ల్లో) రెండు జట్లూ చివరిదాకా తోస్తే, మిగిలిన సమయంతోనే తర్వాతి రౌండ్ ఆడాలి. 40 సెకన్లు మిగలడానికీ 3 నిమిషాలు మిగలడానికీ తేడా ఈ ఖాళీ సెకన్లే.

గోల్డ్3_జీవి
ఇద్దరూ ఒకటే చెప్తున్నట్టుంది నాకు.

మేడమీద_మూర్తి
ఒకటి కాదు. పుల్లయ్య గారు "ఫైట్ గెలిచాక" అన్నారు, వాక్యంలో "ఎప్పుడూ" అని ఉంది. ఆయన "ముగ్గురు" అన్నారు, వాక్యంలో "ఒకరు". ఆయన వాదనకే ఆ వాక్యం సరిపోవట్లేదు. ఇంక నాకెలా సరిపోతుంది?

పేలోడ్_పుల్లయ్య
"ఒకరు" అంటే కనీసం ఒకరు. తెలుగు మాస్టారి దగ్గరికి పంపమంటారా?

పుష్_ప్రసాద్
ఒక చిన్న మాట. పుష్ మోడ్‌లో జట్లు తోయించే రోబో పక్కన ఎంతమంది ఉన్నా వేగం ఒకటే. ఒకసారి మన చేతికొచ్చాక శత్రువు వచ్చి లాక్కునేదాకా పక్కన మనిషి లేకపోయినా తోస్తూనే ఉంటుంది. కొలోసియో, న్యూ క్వీన్ స్ట్రీట్, ఎస్పెరాన్సా మ్యాపుల్లో ముగ్గురు రోబో చుట్టూ తిరుగుతున్నారంటే ముందు కాయాల్సిన ముగ్గురు లేనట్టే. కొత్తవాళ్ళకి రోబో కూడా "బండే". దీన్ని వాక్యంలో చేర్చండి.

పేలోడ్_పుల్లయ్య
రోబో బండి కాదు.

పుష్_ప్రసాద్
మీకు కాదు. మొన్న ఆట దించుకున్నవాడికి, కదులుతూ పోయేదల్లా బండే. మ్యాప్‌కి ముందు తెర మీద మోడ్ పేరు వస్తుంది, సగంమంది అది చదవరు కూడా.

తుప్పు_జంకర్
జంకర్‌టౌన్‌లో ఒకప్పుడు, జట్టుకి ఆరుగురున్న రోజుల్లో, బండి మీద బాస్టియన్‌ని, ముందు ఒరీసా డాలుని పెట్టి ఓడలా తోసుకుంటూ పోయేవాళ్ళం. ఆ రోజుల్లో ఈ చర్చే లేదు, ఐదుగురూ ఆరుగురూ బండి మీదే :)

మేడమీద_మూర్తి
జంకర్‌టౌన్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మొదటి భాగమంతా బట్టబయలు మైదానం. సర్క్యూట్ రాయల్ మొదలు, హవానా చివర కూడా అంతే, అడ్డం లేకుండా చాలా దూరం కనపడుతుంది. అవతల విడోమేకర్ ఉంటే బండి మీద నిలబడ్డవాడు గురి నేర్చుకునే దిష్టిబొమ్మ. ఈ మూడు చోట్లా బండిని కాసేపు వదిలేసి, ఆమెను పక్కదారిన వెళ్ళి లేపేదాకా ఎవరూ కనపడకూడదు. అవును, 10 సెకన్లకి బండి వెనక్కి జారుతుంది. జారనివ్వండి. నాలుగు మీటర్లు పోతే ఏమైంది, మనిషి పోతే ఫైటే పోతుంది.

పేలోడ్_పుల్లయ్య
2017లో కొరియాలో అపెక్స్ టోర్నీలో క్లౌడ్9 జట్టు ఏం చేసిందో గుర్తుందా? ఫైట్ చేతిలో ఉండగా ఓవర్‌టైమ్‌లో (సమయం అయిపోయాక, పాయింట్ మీద మనిషి ఉన్నంతసేపే నడిచే ఆట) పాయింట్ మీంచి దిగిపోయారు, ఒకసారి కాదు. మ్యాచ్ పోయింది. అప్పటినుంచే పాయింట్ మరిచి ఓడినవాళ్ళని "సీ9" అంటున్నారు. డబ్బులు తీసుకుని ఆడే ప్రొఫెషనల్స్‌కే పాయింట్ గుర్తుండదు, కొత్తవాడికి "జారనివ్వండి" అని నేర్పిస్తారా?

మేడమీద_మూర్తి
అది ఓవర్‌టైమ్. ఓవర్‌టైమ్‌లో తాకాలని చిన్నపిల్లాడికీ తెలుసు. దానికి వేరే వాక్యం రాయండి, నేనే సంతకం పెడతా.

పేలోడ్_పుల్లయ్య
తెలిస్తే "సీ9" అన్న మాటే పుట్టేది కాదు కదా.

ఫ్లాష్_ఫ్లాప్
సందట్లో సడేమియా. ఫ్లాష్‌పాయింట్ మోడ్‌కి కూడా ఒక వాక్యం పెట్టండి. సురవాస అయినా న్యూ జంక్ సిటీ అయినా ఐదు పాయింట్లు, ముందు మూడు గెలిచినవాళ్ళది మ్యాచ్. పాయింట్ మనకి పడిపోయాక కూడా పారిపోతున్న గెంజి వెనక సందులన్నీ తిరిగేవాళ్ళు తర్వాతి పాయింట్‌కి ఫైట్ అయిపోయాక చేరతారు. మ్యాప్‌లు పెద్దవి. పాయింట్ ఖాయమైతే కిల్స్ వదిలెయ్యాలి, ఖాయంగా పోతుంటే చావకుండా తప్పుకోవాలి. చివరి సెకన్లో చావడం అన్నిటికన్నా నష్టం, ఎందుకంటే కొత్త పాయింట్ తెరుచుకునేటప్పుడు మీరింకా స్పాన్ రూములో తలుపు దగ్గరుంటారు. (సురవాస కథ ప్రకారం ఇండియాలోనే ఉంది, అందుకైనా ఆ మ్యాప్ రాగానే తిట్టుకుంటూ వెళ్ళిపోకండి.)

గోల్డ్3_జీవి
సురవాసలో దారి తప్పని మనిషిని చూపించండి, దండ వేస్తా.

హీల్_ప్లీజ్_అనకండి
ఇందాకట్నుంచి చదువుతున్నా. "ఒకరు ఉండాలి", "ఒకరు ఉండకూడదు". ఆ ఒకరెవరో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

నేను చెప్తా. సపోర్టు. అంటే జట్టుకి ప్రాణం నింపే (హీల్ చేసే) మనిషి. ప్రతి మ్యాచ్‌లో సపోర్టే. డ్యామేజ్ (శత్రువుల్ని చంపే పనివాళ్ళు) ఇద్దరూ చెరో మేడ ఎక్కుతారు, ట్యాంక్ మలుపు దాటి ఎక్కడో ఉంటాడు, బండి వెనక్కి జారుతున్న చప్పుడు వినపడగానే నేనే పరిగెత్తాలి. పరిగెత్తితే ట్యాంక్ నా కంటికి కనపడడు, చస్తాడు, చాట్‌లో "హీల్?" అని ప్రశ్నార్థకం. పరిగెత్తకపోతే "బండి ఎవరు చూస్తారు?" అని ఇంకో ప్రశ్నార్థకం. పుల్లయ్య గారి వాక్యాన్ని నా చేతిలో పెడుతున్నారు, మూర్తిగారి వాక్యం ట్యాంకులు చదువుకుంటున్నారు. ఒకే మ్యాచ్‌లో రెండూ నడుస్తున్నాయి. చచ్చేది నేను.

పేలోడ్_పుల్లయ్య
నేను సపోర్ట్ అని ఎక్కడన్నాను?

హీల్_ప్లీజ్_అనకండి
అనలేదు. అదే బాధ. ఎవరని చెప్పకపోతే పని ఎవరి మీద పడుతుందో ఇంట్లో అంట్లు తోమేవాళ్ళని అడగండి.

మేడమీద_మూర్తి
మీరు హై గ్రౌండ్‌కి వచ్చేస్తే ఈ గొడవే ఉండదు. అనా (బుల్లెట్‌తో దూరం నుంచే హీల్ చేసే హీరో) అయితే పైనుంచి ట్యాంకూ కనపడతాడు, బండీ కనపడుతుంది.

హీల్_ప్లీజ్_అనకండి
కింగ్స్ రో మ్యాప్‌లో మొదటి పాయింట్ పడ్డాక వీధిలో బండి పోతుంటే నేను పైనుంచి చూస్తుంటా, ట్యాంక్ రైన్‌హార్ట్. రైన్‌హార్ట్ మేడ ఎక్కగలడా? ఎక్కలేడు. నడుస్తూ మూల తిరిగాడు. ఇప్పుడు నా బుల్లెట్ గోడలోంచి పోవాలా? మీ సలహా మొత్తం విన్‌స్టన్ ఆడేవాళ్ళ సలహా మూర్తిగారూ. మీరు ఎప్పుడైనా విన్‌స్టన్ కాకుండా ఆడారా?

మేడమీద_మూర్తి
ఆడాను. మీరు ఎప్పుడైనా హీల్ కాకుండా ఆడారా? ట్యాంక్ ఒక్కడే ఇప్పుడు, ఇద్దరుండే రోజులు కావు. నేను బండి పక్కన నిలబడితే పై చోటు ఎవరు తీస్తారు? డ్యామేజ్ వాళ్ళు తీస్తారా? వాళ్ళు వెనక్కి వెళ్ళి అవతలి సపోర్టుతో సొంత లెక్కలు తేల్చుకుంటుంటారు. నేను దూకాలి, దూకితే నా వెనక ఎవరూ రారు, ఎందుకు రారంటే "బండి మీద ఎప్పుడూ ఒకరుండాలి". అందుకే ఆ వాక్యం పీకమంటున్నా.

గోల్డ్3_జీవి
ఓహో. ఇదన్నమాట.

పేలోడ్_పుల్లయ్య
అయితే మీ కోపం బండి మీద కాదు, మీ వెనక ఎవరూ రావట్లేదని. ముందే చెప్పొచ్చుగా, ఇంతసేపు జిబ్రాల్టర్, హవానా అని ఊళ్ళు తిప్పారు.

మేడమీద_మూర్తి
మీ కోపం మాత్రం బండి మీదా? ముక్కూ మొహం తెలీని నలుగురితో ఒంటరిగా ఆడతారు, వాళ్ళని నమ్మరు, అందుకని ఎవడో ఒకడు బండికి అంటుకుని ఉంటే మీకు నిశ్చింత. నేను నలుగురు స్నేహితులతో మైకులో మాట్లాడుకుంటూ ఆడతా. "ఇప్పుడు వదిలెయ్, మూడంకెలు లెక్కపెట్టి దూకుదాం" అనగలం.

పేలోడ్_పుల్లయ్య
సరిగ్గా అదే. ఈ పోస్టు చదివేవాడికి మైకు లేదు, స్నేహితులు లేరు, మూడంకెలు లెక్కపెట్టేవాడు లేడు. వాడికి కావాల్సింది ఎవరితోనూ మాట్లాడకుండా పాటించగలిగేది. మీ పద్ధతి మంచిదే, కానీ ఐదుగురికీ తెలిస్తేనే పనిచేస్తుంది. నాది ఒక్కడికి తెలిసినా ఎంతోకొంత పనిచేస్తుంది.

మేడమీద_మూర్తి
ఎంతోకొంత చస్తాడు కూడా.

హీల్_ప్లీజ్_అనకండి
మీ ఇద్దరి మధ్య నేనే ఒక పద్ధతి రాస్తా, నచ్చకపోతే తిట్టుకోండి. రోల్‌ని బట్టి కాదు, ఎంచుకున్న హీరోని బట్టి.

ట్యాంక్ రైన్‌హార్ట్ అయితే బండి వాడిదే. డాలు పట్టుకుని దాని పక్కన నడుస్తాడు, మేడలతో వాడికి పని లేదు. ట్యాంక్ విన్‌స్టన్, డీవా అయితే బండి జోలికి రాకూడదు, అప్పుడు బండి దగ్గర లూసియో ఉంటే మేలు. వేగం ఇస్తాడు, తాకడానికొచ్చిన డిఫెండర్‌ని తోసేస్తాడు, చావకుండా గోడలెక్కి తప్పుకుంటాడు. లూసియో లేకపోతే సోల్జర్: 76, వాడి హీలింగ్ వాడే వేసుకుంటాడు. అనాని మాత్రం ఎప్పుడూ బండి మీద నిలబెట్టొద్దు, ఆమెకి దూరం కావాలి. మెర్సీ ఎవరి వెనక ఎగిరితే అక్కడుంటుంది, ఆమెని అడగడమే దండగ.

"బండి మీద" అంటే పైకెక్కి నిలబడటం కాదు. బండి కూడా ఒక గోడే. శత్రువు లేని వైపు వంగి కూర్చుంటే విడోకి తల కనపడదు, బండి కదులుతూనే ఉంటుంది. పక్కన హెల్త్ ప్యాక్ ఎక్కడుందో మలుపు తిరగకముందే చూసుకోవాలి. చిన్నది 75 ప్రాణం ఇస్తుంది, పెద్దది 250. పెద్దది ఒకరు తీస్తే మళ్ళీ వచ్చేదాకా 15 సెకన్లు, కాబట్టి సగం ప్రాణం ఉన్నవాడు దాన్ని మింగెయ్యకూడదు. ఈ ముక్క డ్యామేజ్ వాళ్ళకి ప్రత్యేకంగా.

పుష్_ప్రసాద్
హైబ్రిడ్ మోడ్ (ముందు పాయింట్, తర్వాత బండి) కూడా కలపండి. ఐకెన్‌వాల్డే, నంబానీ, కింగ్స్ రోల్లో మొదటి పాయింట్ మూడు భాగాలు. ఒక భాగం నిండితే అది వెనక్కి పోదు. ఓడిపోతున్న ఫైట్‌లో కూడా భాగం నిండేదాకా ఒకరు పాయింట్ మీద ఉండి చావడం లాభమే. మూర్తిగారి లెక్క తప్పేది అక్కడొక్కచోటే.

మేడమీద_మూర్తి
అక్కడొక్కచోటే ఒప్పుకుంటా. నిండటానికి రెండు మూడు సెకన్లే ఉంటే. ఇరవై సెకన్ల దూరంలో ఉంటే చావొద్దు, వెనక్కి వచ్చెయ్యండి.

నిర్వాహకుడు
4వ వాక్యం మార్చాను: "ఎస్కార్ట్, హైబ్రిడ్‌లలో ఫైట్ గెలవగానే ముగ్గురు బండి దగ్గరికి, ఇద్దరు తర్వాతి మలుపు పైకి. ఫైట్ నడుస్తుంటే బండి చాటున ఒక్కరు చాలు, అది రైన్‌హార్ట్ లేదా లూసియో అయితే మంచిది. కంట్రోల్, పుష్‌లలో గెలిచాక అక్కడే నిలబడొద్దు." అభ్యంతరాలుంటే రేపటిలోగా.

పేలోడ్_పుల్లయ్య
"ఎప్పుడూ" పోయింది. సరే.

మేడమీద_మూర్తి
"ఒక్కరు చాలు" ఎందుకుంది ఇంకా? "ఒక్కరు కూడా అక్కర్లేని చోట్లున్నాయి" అని రాయండి, జంకర్‌టౌన్ పేరు పెట్టి.

తుప్పు_జంకర్
జంకర్‌టౌన్ జోలికి రావొద్దు.

హీల్_ప్లీజ్_అనకండి
హెల్త్ ప్యాక్ ముక్క ఎత్తేశారేంటి?

నిర్వాహకుడు
5వ వాక్యంలో పెడతా. దాని మీద వేరే చర్చ తెరవకండి.