506002506002 కారణాంకాలు చేత్తో ఎట్ల తీయాలె?

ప్రశ్న: వరంగల్ పిన్‌కోడ్ 506002ను రెండుసార్లు పక్కపక్కన రాసిన. మూడంకెలు రెండుసార్లొస్తే 1001తో (7 × 11 × 13) పోతది కదా, మరి దీనికి 13 కారణాంకం కాదెందుకు? భాజకాలు ఎన్ని?

జవాబు 1: తమ్మీ, 1001 లెక్క 506506 లాంటి వాటికే. ఇక్కడ ఆరంకెలు తిరిగొచ్చినయ్, కాబట్టి 506002 × 1000001. ఆ 1000001ని 1001తో భాగిస్తే శేషం 2, అందుకే అందులకెల్లి 7, 11, 13 ఒక్కటీ రావు. అది 101 × 9901, రెండూ ప్రధాన సంఖ్యలే. ఇగ 506002 = 2 × 7 × 47 × 769. ఈ 7 పిన్‌కోడ్‌ది, 1001ది కాదు. 506002ను 2 × 7తో భాగిస్తే వచ్చే 36143 దగ్గర చాలామంది 43 దాకా చూసి ప్రధానమని వదిలేస్తరు. వర్గమూలం 190 దాకా పోవాలె, 47 అక్కడే దొరుకుతది.

జవాబు 2: ఆరు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాలేదు. భాజకాలు 2⁶ = 64. ఆ భాజకాలన్నీ కూడితే, అంటే ఒక్కో ప్రధానానికి 1 కలిపి గుణిస్తే, 3 × 8 × 48 × 102 × 770 × 9902 = 895913948160. సంఖ్యకు రెండింతల కన్న తక్కువ, అంటే న్యూన సంఖ్య. ప్రోగ్రాం రాస్తే 32 బిట్ల పూర్ణాంకం వాడొద్దు, దాని హద్దు 2147483647 మాత్రమే.

ప్రశ్న అడిగినవారు: 9901ని 99 దాకా ప్రధానాలతో చూసిన, ఏదీ పోలే. సమజైంది అన్నా.