బోరు నీళ్లతో నింపిన స్విమ్మింగ్ పూల్ తెల్లగా మసకబారుతోంది: నీళ్లన్నీ మార్చక తప్పదా?

ప్రశ్న (కొంపల్లి నుంచి)

అందరికీ నమస్కారం. కొంపల్లిలో మా ఇంటి వెనుక 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు గల స్విమ్మింగ్ పూల్ ఉంది. వేసవిలో మా బోరు అడుగంటడంతో, ఆవిరైపోయిన నీటిని ట్యాంకర్లతో భర్తీ చేస్తూ వచ్చాము. ఆ ట్యాంకర్లలోవి కూడా బోరు నీళ్లే. మృగశిర కార్తె వానలు మొదలయ్యే నాటికి నీరు మసకబారి, ఇప్పుడు మెట్ల వరుసలో అడుగు మెట్టు కూడా కనిపించని స్థితికి వచ్చింది. రంగు ఆకుపచ్చ కాదు, పూర్తిగా తెలుపే. గోడలకు జారుడు పట్టలేదు. నీటిమట్టం దగ్గర టైల్స్ మీద మాత్రం గోటితో గీకినా ఊడని గరుకు పొర కట్టింది.

నిర్వహణకు కుదుర్చుకున్న వ్యక్తి వచ్చినప్పుడల్లా బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి వెళ్తున్నారు. మర్నాటికి కాస్త తేటపడినట్టు అనిపించిన నీరు ఆ మరుసటి రోజుకల్లా మళ్లీ మొదటికి వస్తోంది. పరీక్ష కిట్‌లో క్లోరిన్ గొట్టం ముదురు పసుపుకు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) గొట్టం ఎరుపులో చివరి గడికి చేరుతున్నాయి. కరెంటు బిల్లు దృష్ట్యా పంపు రోజుకు రెండు గంటలే నడుపుతున్నాము. ఇసుక ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ ముల్లు ఎప్పుడు చూసినా ఒకే చోట ఉంటోంది. నీళ్లన్నీ తోడేసి మళ్లీ నింపడమే మార్గమని ఆయన అంటున్నారు. అంత అవసరం ఉందా అన్నది నా సందేహం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మణికొండ నుంచి, పూల్ నిర్వహణ వృత్తిలో ఉన్నాను)

ముందుగా ఒక మాట. అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపించేంత వరకు ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకండి. ఇలాంటి నీటిలో పిల్లవాడు మునిగినా పక్కనే నిలబడ్డవారికి తెలియదు.

నీళ్లు తోడేయవలసిన పని లేదండీ. మీ కొలతల ప్రకారం పూల్‌లో సుమారు 38,000 లీటర్లు పడతాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడెనిమిది కావాలి. అంత ఖర్చు పెట్టి తెప్పించేది కూడా ఆ బోరు నీళ్లే కాబట్టి, రెండు మూడు వారాల్లో మళ్లీ ఇక్కడికే చేరుకుంటారు. పైగా వానాకాలంలో పూల్‌ను పూర్తిగా ఖాళీ చేయడం మంచిది కాదు. నేల నీటితో నానిపోయి ఉన్నప్పుడు కింది నుంచి వచ్చే ఒత్తిడికి ఖాళీ తొట్టె, ముఖ్యంగా ఫైబర్ తొట్టె, పైకి లేచే ప్రమాదం ఉంది.

మీరు చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన లోపం పంపు నడిపే సమయం. మీ పంపు గంటకు 8,000 లీటర్లు తోడుతుందనుకుంటే, పూల్‌లో ఉన్నంత పరిమాణం ఫిల్టర్ గుండా పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. శుభ్రపడిన నీరు తిరిగి మురికి నీటిలోనే కలుస్తుంది కనుక, ఆ ఐదు గంటల్లో వాస్తవంగా ఫిల్టర్‌ను దాటేది మొత్తం నీటిలో 63 శాతమే. అటువంటి మూడు విడతలు పూర్తయితే 95 శాతానికి చేరుతుంది. రెండు గంటలతో తేట నీరు ఆశించలేము. నీరు బాగుపడేదాకా రాత్రింబవళ్లు నడపండి, ఆ తరువాత రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సరిపోతుంది.

గేజ్ ముల్లు కదలకపోవడం నిశ్చింతగా ఉండవలసిన విషయం కాదు. ఫిల్టర్ మురికిని పట్టుకుంటూ ఉంటే ప్రెషర్ మెల్లగా పెరగాలి. శుభ్రంగా ఉన్నప్పటి అంకె కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని ఎదురుదిశలో పంపి ఇసుకను కడగాలి. మురికి నీటిలోనూ అది పెరగడం లేదంటే గేజ్ అయినా చెడిపోయి ఉండాలి, లేదా ఇసుక గట్టిపడి, అందులో దారులు ఏర్పడి, నీరు వడకట్టబడకుండానే జారిపోతూ ఉండాలి. పంపు ఆపి, మూత తీసి, చేయి పెట్టి చూడండి. ఇసుక వేళ్ల మధ్య నుంచి రాలిపోవాలి. పిడికిట్లో ఉండలుగా వస్తే సున్నం పట్టిందని అర్థం. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లకు మార్చే ఇసుక మన బోరు నీళ్లలో అంతకంటే ముందే పాడవడం నేను తరచుగా చూస్తున్నాను.

జవాబు (తార్నాక నుంచి, విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడిని)

పై మిత్రులు ఫిల్టర్ గురించి చెప్పినది సరైనదే. అయితే ఫిల్టర్ ఎంత బాగున్నా, నీటిలోనే తెల్లని పొడి నిరంతరం పుడుతూ ఉంటే అది ఓడిపోతుంది. మీ నీటిలో జరుగుతున్నది అదే కావచ్చునన్నది నా అనుమానం. దానిని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒక గాజు గ్లాసులో పూల్ నీరు తీసుకుని, గ్లాసు వెనుక నల్లటి కాగితం ఉంచి, రెండు మూడు చుక్కల హైడ్రోక్లోరిక్ యాసిడ్ గానీ, ఒక చెంచా తెల్ల వెనిగర్ గానీ కలపండి. కొద్ది నిమిషాల్లో తేటపడితే అది కాల్షియం కార్బనేట్, అంటే సున్నపు తెలుపు. మార్పు లేకపోతే ధూళి, చనిపోయిన నాచు, పటిక అవశేషం వంటివి. కొంత తేటపడి కొంత మిగిలితే రెండూ ఉన్నట్టు.

హైదరాబాద్ గ్రానైటు రాళ్ల మీద ఉన్న నగరం. ఆ రాళ్ల పగుళ్లలో నిలిచిన లోతు బోరు నీటిలో కఠినత్వం, అంటే కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు, ఎక్కువ. గీజర్ కాయిల్ చుట్టూ పేరుకునే తెల్ల పెంకు అందరికీ తెలిసినదే. వేసవిలో పూల్ నుంచి నీరు మాత్రమే ఆవిరై లవణాలు మిగిలిపోతాయి, వాటి మీద మళ్లీ అదే కఠిన జలం చేరుస్తాము. దీనికి తోడు బ్లీచింగ్ పౌడర్ ఒకటి. అందులో ఉపయోగపడే క్లోరిన్ దాదాపు మూడో వంతే, మిగిలినదాంట్లో చాలా భాగం సున్నం. అది నీటిలోకి నేరుగా కాల్షియాన్ని చేర్చడమే కాక పీహెచ్‌ను పెంచుతుంది, పీహెచ్ పెరిగితే అప్పటికే కరిగి ఉన్న కాల్షియం కూడా కార్బనేటుగా విడిపోయి తేలుతుంది. తెలుపు పోగొట్టడానికి వేసిన మందే తెలుపును పుట్టిస్తున్నదని నా ఉద్దేశం.

మీ కిట్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పసుపు రంగు చూపే ఆర్థోటాలిడిన్ ద్రావణం మొత్తం క్లోరిన్‌ను చూపుతుందే తప్ప, అందులో పనిచేసే స్వేచ్ఛా క్లోరిన్ ఎంతో, చెమట, మూత్రం వంటివాటితో కలిసి నిర్వీర్యమైనది ఎంతో విడదీసి చెప్పదు. గులాబీ రంగు ఇచ్చే డీపీడీ కిట్ తెప్పించుకోండి. దానితోపాటు మొత్తం ఆల్కలినిటీ (పీహెచ్‌ను సులభంగా మారనివ్వని క్షార గుణం), కఠినత్వం కూడా కొలిపించండి. క్లోరిన్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు పీహెచ్ గొట్టంలోని ఫినాల్ రెడ్ ఊదా రంగుకు మారి తప్పు సమాచారం ఇస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. వెనిగర్ వేసిన గ్లాసు చాలావరకు తేటపడింది గానీ, నల్ల కాగితం ముందు పెట్టి చూస్తే పలుచని పొగ వంటిది మిగిలే ఉంది. ఫిల్టర్ మూత తీయిస్తే పై పొర అట్టలుగా వచ్చింది, ఇసుక మార్పించాము. కొత్త కిట్‌తో కొలిస్తే పీహెచ్ 8.2, మొత్తం ఆల్కలినిటీ 240, కఠినత్వం 620, స్వేచ్ఛా క్లోరిన్ 1, మొత్తం క్లోరిన్ 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) చొప్పున వచ్చాయి. ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే స్టెబిలైజర్ ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు దేనితో మొదలుపెట్టాలి? పటిక పూర్తిగా మానేయాలా?

జవాబు (తార్నాక నుంచి)

పీహెచ్‌తో మొదలుపెట్టండి. 8.2 నుంచి 7.4కు దించడానికి 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ మీ పూల్‌కు సుమారు లీటరున్నర పడుతుంది. తేలుతున్న సున్నం కరగడానికి కూడా యాసిడ్ ఖర్చవుతుంది కాబట్టి ఇంకొంత ఎక్కువే కావచ్చు. ఒకేసారి పోయకండి. ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్లు తీసుకుని, వాటిలో అర లీటరు యాసిడ్ కలిపి, పంపు నడుస్తూ ఉండగా లోతు వైపు గట్టు వెంట నడుస్తూ పోయండి. యాసిడ్‌ను నీటిలో పోయాలి గానీ, యాసిడ్‌లో నీరు పోయకూడదు. నాలుగైదు గంటల తరువాత కొలిచి మరో అర లీటరు పోయండి. బాత్రూములు కడిగే పసుపు రంగు యాసిడ్ పలుచగా ఉంటుంది, అందులో ఇనుము కూడా ఉండవచ్చు కాబట్టి అది వద్దు.

ఆల్కలినిటీ 80 నుంచి 120 మధ్య ఉండవలసింది మీకు 240 ఉంది. అందువల్ల నీటిలోని బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోయిన కొద్దీ పీహెచ్ తనంతట తానే మళ్లీ పైకి వస్తుంది. అది చూసి నిరుత్సాహపడవద్దు, పెరిగినప్పుడల్లా మళ్లీ 7.2 దాకా దించుతూ పోతే ఆల్కలినిటీ కూడా క్రమంగా దిగుతుంది.

జవాబు (మణికొండ నుంచి)

పటిక మంచిదే, మీ ఇంట్లో వాడిన తీరు సరికాదు. పీహెచ్ 8 దాటిన నీటిలో పటిక సరిగా గడ్డకట్టదు, కొంత కరిగే ఉండిపోయి తరువాత తెల్లగా బయటపడుతుంది. యాసిడ్‌తో పీహెచ్ దించిన తరువాత మీ గ్లాసులో కనిపించిన ఆ పొగ ఇంకా మిగిలి ఉంటే అప్పుడు వాడండి. వెయ్యి లీటర్లకు 10 నుంచి 20 గ్రాముల లెక్కన మీకు 400 నుంచి 750 గ్రాములు చాలు. బకెట్‌లో పూర్తిగా కరిగించి నీటి మీద అంతటా చల్లి, ఫిల్టర్ దగ్గర నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌ను రీసర్క్యులేట్‌లో (ఇసుకలోంచి పోకుండా నీరు తిరిగే అమరిక) ఉంచి అరగంట తిప్పి, రాత్రంతా పంపు ఆపేయండి. తెల్లారేసరికి అడుగున బూడిద రంగు దుప్పటిలా పేరుకుంటుంది. దానిని కదిలించకుండా, వ్యాక్యూమ్ బ్రష్‌ను అతి నెమ్మదిగా జరుపుతూ, వాల్వ్‌ను వేస్ట్‌లో పెట్టి నేరుగా బయటికి పంపాలి. చాలామంది ఇక్కడే వాల్వ్‌ను ఫిల్టర్‌లో వదిలేస్తారు. ఆ గడ్డంతా ఇసుకలో ఇరుక్కుని, కొంత నలిగి తిరిగి పూల్‌లోకే వస్తుంది. మర్నాడు తేటగా ఉన్న నీరు ఆ మరుసటి రోజుకు పాడవడానికి ఇదొక కారణం.

మీ మొత్తం క్లోరిన్ 3, స్వేచ్ఛా క్లోరిన్ 1 అంటే 2 పీపీఎం నిర్వీర్యమైనది ఉందన్న మాట. అది అర పీపీఎం దాటకూడదు. దానికి పది రెట్లు, అంటే 20 పీపీఎం క్లోరిన్ ఒకే విడతగా ఇవ్వడం మేము పాటించే పద్ధతి. 10 శాతం ద్రవ క్లోరిన్ అయితే ఏడున్నర లీటర్లు పడుతుంది. స్టెబిలైజర్ లేని నీటిలో మన ఎండకు క్లోరిన్ కొద్ది గంటల్లోనే నశించిపోతుంది కనుక పొద్దుగూకిన తరువాత వేయండి. యాసిడ్ వేసిన పూటే క్లోరిన్ వేయవద్దు, రెండింటికీ ఒకే బకెట్ వాడవద్దు. అవి కలిస్తే విషవాయువు వస్తుంది.

జవాబు (సైనిక్‌పురి నుంచి)

మా ఇంట్లోనూ బోరు నీటి పూలే ఉంది కాబట్టి ఒకటి రెండు విషయాలు చేరుస్తున్నాను. అందరూ టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలను తిడతారు గానీ, మీ నీటికి అవి కొంతకాలం మేలే చేస్తాయి. వాటిలో కాల్షియం ఉండదు, పైగా ఆమ్ల గుణం ఉండటం వల్ల పీహెచ్ పెరగదు, మీకు లేని స్టెబిలైజర్ కూడా వాటితోనే వస్తుంది. మీ పూల్‌లో కిలో బిళ్లలు కరిగితే స్టెబిలైజర్ దాదాపు 14 పీపీఎం పెరుగుతుంది. అది 50కి చేరగానే బిళ్లలు ఆపి ద్రవ క్లోరిన్‌కు మారిపోండి, లేకపోతే క్లోరిన్ ఉండీ పనిచేయని పరిస్థితి వస్తుంది. ఇంట్లో మిగిలిన బ్లీచింగ్ పౌడర్ డబ్బాను ఈ బిళ్లల దగ్గర ఉంచకండి. రెండూ కలిస్తే మంటలు లేవవచ్చు.

620 కఠినత్వాన్ని ఏ మందూ తగ్గించలేదు. నీటిని పలుచన చేయడమే దారి. అందుకు ట్యాంకర్ కంటే వాన నయం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎనిమిది, తొమ్మిది వందల లీటర్లు వస్తాయి. దానిలో కఠినత్వం దాదాపు శూన్యం. మొదటి వానలకు డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోనిచ్చి, ఆ తరువాత పైపును గుడ్డ వడపోత మీదుగా పూల్‌లోకి తిప్పుకోండి. వాన నీరు చేరేముందు వేస్ట్ గుండా అంత నీటినీ బయటికి వదులుతూ ఉంటే, ఆశ్వయుజం వచ్చేనాటికి అంకెలో స్పష్టమైన తేడా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

యాసిడ్ మూడు విడతలకే మెట్లన్నీ కనిపిస్తున్నాయి. చివరగా ఒక చిన్న సందేహం: పటికతో దిగిన మడ్డిని, ఆ నీటిని మామిడి చెట్ల పాదుల్లోకి వదలవచ్చా?

జవాబు (మణికొండ నుంచి)

వద్దండీ, క్లోరిన్ ఉన్న ఆ నీటిని, మడ్డిని డ్రైనేజీలోకే పంపండి. చెట్లకు పెట్టాలనుకుంటే మామూలు బ్యాక్‌వాష్ నీటిని తొట్టెలో రెండు రోజులు ఎండకు ఉంచి, క్లోరిన్ సున్నా అని కిట్‌లో చూసుకున్నాక పోయవచ్చు. ఇక ఈతకు దిగే విషయానికి వస్తే, డ్రెయిన్ జాలీకి ఉన్న స్క్రూలు గట్టు మీద నుంచి లెక్కపెట్టగలిగి, స్వేచ్ఛా క్లోరిన్ 3కు, పీహెచ్ 7.6కు లోపల ఉన్న రోజున పిల్లలను పంపండి.