మా లఘుచిత్రంలో గది ఎంత మాట్లాడాలి?

గంటస్తంభం (చర్చ ప్రారంభించినవారు)

మేము విజయనగరంలో చదువుకుంటున్న అయిదుగురు విద్యార్థులం. కోర్సులో భాగంగా 14 నిమిషాల లఘుచిత్రం తీస్తున్నాము. కథ చిన్నది. ఊరి చివరి జూట్ మిల్లు మూతబడి చాలా ఏళ్లయింది. అందులో పనిచేసిన భర్త పోయాడు. అరవై ఏళ్ల ఆ ఇల్లాలు పెంకుటింట్లో ఒంటరిగా ఉంటూ, మధ్యాహ్నం రెండు గంటలకు మొదలయ్యే షిఫ్టుకు వెళ్లే మనిషి ఇంకా ఉన్నట్టే ఒంటిగంటకల్లా అన్నం వార్చేస్తుంది. ఇల్లు అమ్మడానికి హైదరాబాదు నుంచి కొడుకు వస్తాడు; కొనేవాళ్లు చూడటానికి వచ్చేలోపు గోడలకు సున్నం వేయిస్తాడు. సంభాషణలు దాదాపు లేవు. పాత్ర స్వభావాన్ని గది అమరిక, దుస్తులు, వెలుతురు, నటుల కదలిక ద్వారానే చెప్పాలన్నది మాకు పెట్టిన నియమం.

కళాదర్శకత్వం చూస్తున్న మిత్రుడు పదిరోజులు తిరిగి గది నింపాడు. దండ వేసిన ఫొటో, ఫ్రేము కట్టిన మిల్లు గుర్తింపు కార్డు, రెండు గంటల దగ్గర ఆగిపోయిన గడియారం, గోనె సంచులు కుట్టిన పరుపు, మూలన బొబ్బిలి వీణ, దండెం మీద పొందూరు చీర, ఇంకా ఇలాంటివి మొత్తం 31 వస్తువులు. ప్రధాన పాత్ర వేస్తున్నావిడ చాలాకాలం నాటకాలు ఆడిన మనిషి. ఆవిడ గదంతా ఒకసారి కలియజూసి, "నానేటి సెయ్యాల బాబూ, అంతా గోడలే సెప్పేత్తన్నాయి కదా" అన్నారు. అప్పటి నుంచి మా జట్టు రెండుగా చీలిపోయింది. గది ముందు తయారై నటి అందులోకి రావాలా, లేక నటి ముందు కదిలి ఆమె చుట్టూ గది తయారవ్వాలా? ఈ విషయంలో అనుభవం ఉన్నవారు వాదించి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పెరటి గుమ్మం

నేను కొన్నేళ్లు ఆర్ట్ డిపార్ట్‌మెంటులో సహాయకుడిగా పనిచేశాను కాబట్టి మీ మిత్రుడి పక్షాన నిలబడటం నా ధర్మం. నాటకంలో ప్రేక్షకుడు ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటాడు, అక్కడ ఒక కుర్చీ వేసి ఇది ఇల్లు అంటే నమ్ముతాడు. కెమెరా రెండు మూరల దూరంలో నిలబడుతుంది, దానికి మేకు తుప్పు పట్టిందా, కొత్తదా అన్నది కూడా కనబడుతుంది. నలభై ఏళ్లు కాపురం చేసిన ఇల్లు ఖాళీగా ఉంటే అది కళ కాదు, అబద్ధం. 31 వస్తువులు ఎక్కువ కానే కావు, అలాంటి ఇంట్లో నిజానికి మూడు వందలుంటాయి.

అయితే మీరు చెప్పిన జాబితాలో ఒక లోపం ఉంది, అది సంఖ్యలో లేదు. ఫొటో, కార్డు, గడియారం, గోనె పరుపు, అన్నీ ఒకే మాట అంటున్నాయి: భర్త పోయాడు, మిల్లు పోయింది. ఒక మనిషి ఇంట్లో బియ్యం డబ్బా, బీపీ మాత్రలు, కట్టవలసిన కరెంటు బిల్లు, మనవడు వదిలేసి వెళ్లిన ప్లాస్టిక్ బంతి కూడా ఉంటాయి. అవి దుఃఖం గురించి ఏమీ చెప్పవు కాబట్టే వాటి పక్కనున్న ఫొటోకు బలం వస్తుంది. ఆగిపోయిన గడియారాన్ని మాత్రం ఈ రోజే తీసెయ్యండి. ఒంటిగంటకు అన్నం వార్చే మనిషి ఇంట్లో గడియారం నడుస్తూ ఉండాలి కదా!

నన్నడిగితే ఆ గదికి కావలసింది ఒక మరక. మగవాడు రోజూ ఒకేచోట కూర్చుని గోడకు తల ఆనిస్తే, తలనూనె అంటి అరచేయంత నల్లటి గుండ్రం పడుతుంది. పాత ఇళ్లలో పెరిగినవారందరూ దాన్ని చూసే ఉంటారు. ఆ మరకను ఏ నటీ నటించి చూపించలేదు.

నాగావళి ఒడ్డు

నాది శ్రీకాకుళం. క్లుప్తంగా చెబుతాను. ఆ వీణ, ఆ చీర అక్కడ ఎందుకున్నాయి? పనస కర్రను తొలిచి చేసే బొబ్బిలి వీణ సంగీతం నేర్చినవారి ఇంట్లోనో, బహుమతులు అందుకున్న అధికారి గదిలోనో కనబడుతుంది. పొందూరు సన్నఖద్దరు కథ ఇంకా విచిత్రమైనది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, వడికే ఆడవాళ్లే ఆ బట్టను కొని కట్టుకోవడం అరుదు. మిల్లు కార్మికుడి భార్య ఇంట్లో కట్టేది పూల పాలిస్టరు చీర, అది కూడా కుచ్చిళ్ల దగ్గర ఫాల్ ఊడి వేలాడుతున్నది. మీ మిత్రుడు పాత్రను కాకుండా జిల్లాను అలంకరించాడు. పర్యాటక శాఖ ప్రకటనకు ఆ గది చక్కగా సరిపోతుంది.

తప్పెటగుళ్ళు

పెరటి గుమ్మం గారి మాటల్లో మరక గురించి చెప్పింది తప్ప మిగిలిందాన్ని నేను ఒప్పుకోను. మా ప్రాంతపు జానపద కళ తప్పెటగుళ్ళ దళం దిగితే సెట్టింగు ఏముంటుంది? ఛాతీ మీద వాయించే గుల్ల, కాళ్లకు గజ్జెలు, అంతే. వాళ్లే ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడి గుడి కడతారు, మరుక్షణంలో దిగిపోయి గుడి లేకుండా చేస్తారు. స్థలం అనేది శరీరం నుంచి పుడుతుంది.

రాత నుంచి కూడా పుడుతుందని మీ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. 1892లో విజయనగరంలోనే మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం, నేడు మనం చదువుకుంటున్న రూపంలో, బొంకులదిబ్బ మీద గిరీశంతో మొదలవుతుంది. అది ఊళ్లో నిజంగా ఉన్న చోటే. ఆ పేరు చెప్పి, మనిషిని అక్కడ ఒంటరిగా నిలబెట్టి మాట్లాడిస్తే చాలు, సగం పాత్ర తెలిసిపోతుంది. అక్కడ ఒక వస్తువైనా అక్కర్లేదు.

ఇంకొకటి. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ తెర వెనక ఉండగానే జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం ఇంకా చూడలేదు, కానీ ఆ జడతోనే ఆమె గర్వమంతా సభకు తెలిసిపోతుంది.

పెరటి గుమ్మం

క్షమించాలి, మీరు నా వాదనకే సాక్ష్యం ఇచ్చారు. జడ అంటే ఆహార్యం, అంటే వేషాలంకరణ, కాదా? నాగరం, జడగంటలు అమర్చి దాన్ని తయారుచేసిన మనిషి ఒకడుంటాడు. మా శాఖ పని అదే.

తప్పెటగుళ్ళు

ఆహార్యమే, కాదనను. కానీ ఆ జడను తెరకు తగిలించి, వెనక నటి లేకుండా ఒక అరగంట వదిలెయ్యండి. అది జుట్టే అవుతుంది. ఆమె దాన్ని విసిరింది కాబట్టి అది సత్యభామ అయింది. 'మిజాన్సేన్' అని మీ పాఠాల్లో చెబుతారు కదా, ఫ్రెంచి నాటకరంగం నుంచి సినిమావాళ్లు తెచ్చుకున్న ఆ మాటకు అసలు అర్థం రంగం మీద ఉంచడం అనే. వస్తువులతోపాటు మనుషులను ఎక్కడ ఉంచాలో, ఎటు నడిపించాలో కూడా అందులోనే ఉంది. మన విద్యార్థులు మాత్రం ఎందుచేతనో ఆ మాట వినగానే సామాను అద్దెకిచ్చే కొట్టుకు పరుగెత్తుతారు.

ఆ మరక విషయంలోనూ నాదొక ప్రశ్న. అది నేల నుంచి ఎంత ఎత్తులో వేస్తారు? చాప మీద కూర్చునే మనిషైతే రెండున్నర అడుగులు, బల్ల మీద కూర్చునేవాడైతే నాలుగు. ఆ సంగతి తేలాలంటే ఆయన ఎక్కడ కూర్చునేవాడో, ఆవిడ అన్నం ఎటువైపు నుంచి తెచ్చి పెట్టేదో ముందు తేలాలి. అంటే రిహార్సల్ ముందు, రంగు తర్వాత.

గంటస్తంభం

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక రెండు రోజులు పని ఆపి ఒక ప్రయత్నం చేశాము. గది మొత్తం ఖాళీ చేసి, పొయ్యి, ఒక చాప, ఒక స్టూలు మాత్రం ఉంచి, ఆవిడను మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు ఆ ఇంట్లో ఉన్నట్టు ఉండమని అడిగాము. మేము ఏమీ చెప్పలేదు, ఆవిడ ఏది ముట్టుకున్నారో, ఏది కావాలని అడిగారో రాసుకున్నాము, అంతే. తొమ్మిది వస్తువులు తేలాయి. అందులో ఫొటో లేదు. గంజి వార్చే చిల్లుల మూత, మసిగుడ్డ, మందుల డబ్బా, రెండు కంచాలు ఉన్నాయి. రెండో కంచాన్ని ఆవిడ కడిగి, తుడిచి, మళ్లీ బోర్లించారు. మా స్క్రిప్టులో ఆ పని లేదు.

నడకలో ఇంకొక విషయం గమనించాము. గది 10 అడుగులకు 12. పొయ్యి దగ్గర నుంచి వీధి గుమ్మానికి నేరుగా నాలుగు అడుగులు వేస్తే చేరవచ్చు, కానీ ఆవిడ ప్రతిసారీ గోడ పక్కన కొంత చోటు వదిలి చుట్టూ తిరిగి వెళ్లారు. ఎందుకని అడిగితే, అక్కడ ఆయన కాళ్లు చాపుకుని ఉంటాడు కదా అన్నారు. దాంతో మరక ఎక్కడ ఉండాలో, ఎంత ఎత్తులో ఉండాలో మాకు తెలిసిపోయింది. మా మిత్రుడు ఆ సాయంత్రమే నూనె, మసి కలిపి అక్కడ రుద్దాడు. కెమెరా కూడా అక్కడే తేలింది. 24 మి.మీ. లెన్సుతో గోడలు దూరం జరిగి గది పెద్దదిగా కనబడటంతో ఆవిడ పక్కకు తప్పుకుని నడవటంలో అర్థం పోయింది. తక్కువ మేర మాత్రమే చూపించే 50 మి.మీ. పెట్టాలంటే కెమెరాను వీధి గుమ్మం బయట, అరుగు మీద నిలపవలసివచ్చింది. అలా చూస్తే గోడకూ ఆవిడకూ మధ్యనున్న ఖాళీ స్పష్టంగా తెలుస్తున్నది.

వీణను, చీరను తెచ్చినచోటే అప్పగించాము. గడియారం నడుస్తున్నది. నియాన్ నీలం రంగు వేసి ఉన్న ఒక గోడకు మాత్రం నీలిమందు కలిపిన పాత సున్నం వేయించాము.

ఇప్పుడు అసలు ఇబ్బంది చివరి సన్నివేశం. కొడుకు పురమాయించిన మనిషి గోడకు సున్నం వేస్తూ ఆ మరకను కప్పేస్తాడు, ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుంది, తెల్లటి గోడ మీద సినిమా ముగుస్తుంది. ఉన్నది ఒకే గోడ కాబట్టి ఒకే టేకు. దీన్ని ఎలా తీయాలో సలహా చెప్పగలరా?

పెంకుటిల్లు (కొత్త సభ్యులు)

నేను సినిమా మనిషిని కాను, ఇళ్లకు సున్నాలు వేయించే మేస్త్రీని. మీ చర్చను మా అబ్బాయి చదివి వినిపించాడు, నేను చెబుతుంటే వాడే రాస్తున్నాడు. మీరు రాసుకున్న ముగింపు జరగదు. సున్నం వేసిన వెంటనే తెల్లగా కనబడదు, తడిగా ఉన్నంతసేపు నీళ్లలా ఉండి వెనకున్నది కనిపిస్తూనే ఉంటుంది, ఆరుతున్నకొద్దీ తెలుపు తేలుతుంది. పైగా నూనె మరక మీద సున్నం పట్టదు. చుట్టూ గోడంతా తెల్లబడి, ఆ ఒక్కచోటే పసుపు పచ్చగా పైకి తేలుతుంది, రెండో పూత వేసినా అంతే. మరక పోవాలంటే ముందు చాకలి సోడా కలిపిన నీళ్లతో రుద్ది కడగాలి, లేదా అక్కడ పైపూత గీకెయ్యాలి. సున్నం వేసే మనిషిని నిజమైనవాడినే పెడుతున్నట్లయితే, ఆ పని చెయ్యకుండా అతను కుంచె ముట్టుకోడు.

గంటస్తంభం

మేస్త్రీ గారూ, ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. అయితే గీకడం ఎవరు చేస్తారన్నది ఇప్పుడు తేల్చుకోవాలి. మా మిత్రుడు ఆ పనివాడే అంటున్నాడు. నటి మాత్రం, అతను గీకబోతే నేను ఊరుకుంటానా అని అడుగుతున్నారు. పెరటి గోడ మీద అదే ఎత్తులో ఇంకో మరక వేసి, రేపు ఉదయం సున్నం పూసి, సాయంత్రం దాకా గంటకొక ఫొటో తీసి ఇక్కడ పెడతాను. సున్నంలో బంక ఎంత కలపాలో మీ అబ్బాయి చేత ఒక్క మాట రాయించండి.