అప్‌గ్రేడ్ తర్వాత లాప్‌టాప్ కాలిపోతోంది: వెనక్కి వెళ్లాలా, విప్పించాలా?

సంధ్యవేళ
నాలుగు రోజుల క్రితం విండోస్ 10 నుంచి 11కి మారాను. అప్పటి నుంచి ఫ్యాన్ మోత ఆగడం లేదు. ఏమీ తెరవకపోయినా సీపీయూ (ప్రాసెసర్) వాడకం 36 శాతం, టెంపరేచర్ 92 డిగ్రీలు చూపిస్తోంది. ప్రాసెసర్ ఐ5 8250యూ, కొని ఏడేళ్లు. ఎక్కడ కాలిపోతుందోనని టెన్షన్‌తో పావుగంటకోసారి మూత వేసేస్తున్నా, రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అనేది ఒక్కటే 64 శాతం తినేస్తోంది, ఎండ్ టాస్క్ కొట్టినా పోవట్లేదు. పాత విండోస్‌కి వెళ్లిపోనా?

చుక్కగుర్తు
ఐడిల్ ప్రాసెస్ అంటే ప్రాసెసర్ ఖాళీగా ఉన్న వంతు అండీ. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. దాన్ని వదిలేయండి, పాపం.

పాతకాపు
వెళ్లిపోండి, ఆలోచించకండి. మారిన రోజు నుంచి 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్ నొక్కితే పాతది తిరిగి వస్తుంది. మీ ఫైళ్లు ఉంటాయి, మారాక వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. మీకు ఇంకా ఆరు రోజులే ఉంది. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో "పాత విండోస్ ఇన్‌స్టలేషన్" అని కనబడితే టిక్ పెట్టకండి. పెట్టారంటే తిరుగుదారి మూసుకున్నట్టే. నాలుగు రోజుల క్రితం చల్లగా ఉన్నది ఇవాళ కాలుతోందంటే మధ్యలో మారింది ఒక్కటే కదా.

స్క్రూడ్రైవర్
మధ్యలో మారింది ఒక్కటే అనుకోవడంలోనే పొరపాటుంది. ఏడేళ్లలో మారింది మీకు కనబడదు. నేను పదకొండేళ్లుగా లాప్‌టాప్‌లు విప్పుతున్నాను. ఈ వయసు మెషీన్ విప్పితే ఫ్యాన్‌కి, వేడిని బయటికి లాగే హీట్‌సింక్ రేకులకి మధ్య దుమ్ము చాపలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి బయటికి రాదు. లోపల ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారి ఉంటుంది. ఇన్నాళ్లూ పని తక్కువ కాబట్టి బయటపడలేదు. 36 శాతానికే 92 డిగ్రీలా? చల్లబరిచే వ్యవస్థ చేతులెత్తేసిందన్నమాట.

పాతకాపు
36 శాతాన్ని "కే" అనకండి. ఆ ప్రాసెసర్‌కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనులు నడిపే దారులు. ఒక్కో థ్రెడ్ పన్నెండున్నర శాతం. 36 అంటే దాదాపు మూడు థ్రెడ్లు ఊపిరాడకుండా పనిచేస్తున్నట్టు. పైగా మామూలు వేగం (బేస్) 1.6 గిగాహెర్ట్జ్ అయినా, పని పడితే టర్బోలో 3.4 దాకా పోతుంది. కొత్త మెషీన్ అయినా వేడెక్కుతుంది.

స్క్రూడ్రైవర్
వేడెక్కుతుంది, 92 కాదు. ఆ చిప్ హద్దే 100.

రాత్రిబడి
హద్దు దగ్గరికొస్తే అదే వేగం తగ్గించుకుంటుంది కదా, కాలిపోదు. ముందు ఆమెకి ఆ ధైర్యం చెప్పండి. సంధ్యగారూ, ప్రాసెసెస్‌లో సీపీయూ అన్న మాట మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. పైన ఏముంది?

సంధ్యవేళ
సెర్చ్ ఇండెక్సర్, యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్. ఒకసారి అది, ఒకసారి ఇది.

రాత్రిబడి
అయితే చాలావరకు అర్థమైనట్టే. అప్‌గ్రేడ్ అయ్యాక ఫైళ్లన్నిటి జాబితా మళ్లీ కట్టుకుంటుంది, వైరస్ స్కాన్ మళ్లీ నడుస్తుంది. మామూలుగా కొన్ని గంటల పని. మీరు పావుగంటకోసారి మూత వేస్తున్నారు కాబట్టి అది ముగియడం లేదు. రోజూ సగంలో లేపేస్తే ఎవరైనా భోజనం ఎప్పుడు ముగిస్తారు? ఛార్జర్ పెట్టి, బల్ల మీద ఉంచి, స్లీప్ ఆపేసి ఒక రాత్రి వదిలేయండి. అంతకు ముందు రీస్టార్ట్ చేయండి.

సంధ్యవేళ
రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాగా?

చుక్కగుర్తు
షట్‌డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు. టాస్క్ మేనేజర్ పర్‌ఫార్మెన్స్ ట్యాబ్‌లో అప్‌టైమ్ (ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో) చూడండి.

సంధ్యవేళ
4 రోజుల 3 గంటలు అంటోంది! నిన్న రాత్రే ఆపానండీ.

పాతకాపు
చూశారా? ఆపితే ఆగని మెషీన్. ఇంకా దుమ్మే అంటారా?

స్క్రూడ్రైవర్
అది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచీ ఉంది, మీ ప్రియమైన 10లోనూ ఉంది. షట్‌డౌన్ అంటే మీ ప్రోగ్రాములు మూసి, విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ని డిస్క్‌లో దాచి, మర్నాడు అక్కడి నుంచే లేపుతుంది. రీస్టార్ట్ అయితే మొదటి నుంచి మొదలవుతుంది. దీన్ని కొత్త విండోస్ ఖాతాలో రాయకండి.

పాతకాపు
షట్‌డౌన్ అనే మాటకి అర్థం ఏమిటో చెప్పండి ముందు.

స్క్రూడ్రైవర్
చర్చ వేడి గురించి.

పాతకాపు
చర్చ నమ్మకం గురించి. షట్‌డౌన్ అని రాసి షట్‌డౌన్ చేయని వస్తువు "ఇండెక్స్ కట్టుకుంటున్నా" అంటే నమ్మాలా?

లినక్స్‌బాబు
విండోసే వద్దు, లినక్స్ వేసుకోండి.

చుక్కగుర్తు
ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

స్క్రూడ్రైవర్
పాతకాపు గారూ, వెనక్కి వెళ్లమని తేలిగ్గా అంటున్నారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే పొడిగింపు పథకంలో విడిగా చేరాలి, సొంతంగా వాడుకునేవాళ్లకి అదీ 2026 అక్టోబర్ 13 దాకానే. ఆ తర్వాత? అప్పుడూ ఆ దుమ్ము అక్కడే ఉంటుంది.

పాతకాపు
దుమ్ము, దుమ్ము, దుమ్ము! మూడేళ్ల క్రితం నా లాప్‌టాప్ ఇలాగే కాలింది. ఓ రిపేరు మనిషి మీలాగే మెషీన్ ముట్టకుండానే దుమ్మని తేల్చాడు. విప్పాడు, పేస్ట్ మార్చాడు, డబ్బు తీసుకున్నాడు. ఇంటికి తెచ్చాక మళ్లీ అదే వేడి. చివరికి చూస్తే ఆడియో డ్రైవర్‌తో వచ్చిన ఒక సర్వీస్ తిరుగుతూ ఉంది, దాన్ని ఆపగానే చల్లబడింది. రెండు స్క్రూలు కూడా తక్కువ వచ్చాయి. ఇప్పటికీ ఆ మూల పైకి లేచే ఉంటుంది.

స్క్రూడ్రైవర్
ఆ రెండు స్క్రూలు నేను తీసుకోలేదు. ఎవడో చేసినదానికి నన్ను తిడుతున్నారు. నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ "నిన్నటి దాకా బాగుంది" అనే మొదలుపెడతాడు. విప్పి గుప్పెడు దుమ్ము చూపిస్తే మొహం మాడ్చుకుంటాడు. మీలాంటివాళ్లకి మెషీన్ ఊడ్చుకోవడం చేతకాదు, తిట్టడానికి మాత్రం ఓపిక ఉంటుంది.

పాతకాపు
వచ్చింది! ఆ మాట కోసమే చూస్తున్నా. మీరు దుమ్ము అంటే అవతలివాళ్లకి "నీకు వస్తువు చూసుకోవడం రాదు" అనే వినబడుతుంది. సంధ్యగారు చేసిన తప్పేమిటి? సపోర్ట్ అయిపోయిందని చెబితే భయపడి మారింది. మారితే కాలింది. అడిగితే తన నిర్వహణ సరిగా లేదంటున్నారు. ఎటు తిరిగినా వాడుకునేవాళ్లదే తప్పా? నన్ను కూడా ఆ రోజు కౌంటర్ దగ్గర పదిమంది ముందు "ఇంట్లో శుభ్రం ఉండదా" అన్నాడు.

స్క్రూడ్రైవర్
ఆ మాట అనకూడదు. నేనూ ఇప్పుడు కాస్త నోరు జారాను. కానీ దుమ్ము ఎవరి తప్పూ కాదండీ, గాలి పీల్చే ప్రతి మెషీన్‌లోనూ చేరుతుంది. నేను చెప్పేది ఒక్కటే. వాడకం తగ్గాక కూడా వేడి తగ్గకపోతే లోపల చూడాలి, వాడకంతోపాటు వేడీ దిగితే సాఫ్ట్‌వేర్. ఇది మొదటే చెప్పాల్సింది.

పాతకాపు
మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. అయినా ఆమె ఆరు రోజులు మీ పరీక్షలకి ఖర్చు కాకూడదు.

రాత్రిబడి
కాదు లెండి. 10 రోజులు ముగిసేలోపు అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండోలో) డిఐఎస్ఎం అనే కమాండ్‌తో ఆ గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. డిస్క్‌లో చోటు ఉండాలంతే.

పాతకాపు
ఇది నాకు తెలియదు.

సంధ్యవేళ
మీరంతా పోట్లాడుకుంటుంటే నేను రాత్రిబడి గారు చెప్పినట్టే చేశా. గడువు పెంచా, రీస్టార్ట్ చేశా, ఛార్జర్ పెట్టి బల్ల మీద రాత్రంతా వదిలేశా. ఫ్యాన్ తెల్లవారుజామున ఎప్పుడో ఆగింది. ఇప్పుడు సీపీయూ 4 శాతం, టెంపరేచర్ 71.

పాతకాపు
92 నుంచి 71. విప్పకుండానే.

స్క్రూడ్రైవర్
4 శాతం వాడకానికి 71 ఎక్కువే. ఓపిక ఉన్నప్పుడు తెరిపించండి. పేస్ట్ మార్చే ముందు దుమ్ము మీకు చూపించమనండి. లేకపోతే లేదని చెప్పమనండి.

పాతకాపు
స్క్రూలు లెక్కపెట్టుకోండి.

చుక్కగుర్తు
ఆ ఐడిల్ ప్రాసెస్ సంగతేమిటి?

సంధ్యవేళ
96 శాతం తింటోంది. తిననివ్వండి.